సెకండ్ హ్యాండ్ వెస్పా ఎల్‌ఎక్స్ 125 రోజూ ఆఫీసుకి పనికొస్తుందా? (మల్కాజిగిరి – హిమాయత్‌నగర్)

సంపెంగిపువ్వు | మల్కాజిగిరి

నమస్తే అండి. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదలు.

నా స్కూటీ పెప్ ప్లస్ పని అయిపోయింది. అమ్మని వెనక ఎక్కించుకుంటే ఫ్లైఓవర్ ఎక్కడానికి ఆయాసపడుతోంది. మల్కాజిగిరి నుంచి మెట్టుగూడ, చిలకలగూడ, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా హిమాయత్‌నగర్ వెళ్తాను. రానూపోనూ 22 కి.మీ. దాకా అవుతుంది. పొద్దున పూట ఫర్వాలేదు గానీ సాయంత్రం నారాయణగూడ నుంచి ముషీరాబాద్ దాకా ఆగుతూ కదులుతూ పోవాల్సిందే.

కొత్తది కొనే ఉద్దేశం లేదు. 45 వేలు అనుకున్నా, మరీ నచ్చితే 50 దాకా పెడతా. గుండ్రటి హెడ్‌లైటు, వంపు తిరిగిన రేకు బాడీ ఉన్న స్కూటర్లంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. రోజూ ఎక్కే బండిని చూస్తే సంతోషం కలగాలి కదా, నా కోరిక అంతే.

ప్రస్తుతానికి రెండు చూశా. టోలిచౌకిలో 2014 వెస్పా ఎల్‌ఎక్స్ 125, ఎరుపు, 23 వేల కిలోమీటర్లు తిరిగింది, 38 వేలు చెబుతున్నారు. ఫొటోల్లో మెరిసిపోతోంది. రెండోది కొంపల్లిలో 2021 యమహా ఫాసినో 125, 58 వేలు. అది నా బడ్జెట్ దాటింది, బేరం ఆడితే ఎంత దిగుతారో తెలీదు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు.

ఆదివారం వెస్పా చూడ్డానికి వెళ్తున్నా. ఏమేం చూడాలో చెప్పగలరా? ఇంకో సందేహం, బండి నంబరు ఏపీ 13తో మొదలవుతోంది. అంటే ఆంధ్రా బండా?

---

పసుపు_హెల్మెట్ | కూకట్‌పల్లి

అక్కా, కళ్లు మూసుకుని ఫాసినో తీసుకోండి. నేను నడుపుతున్న, మస్తుంటది. బండి మొత్తం 99 కిలోలే. ట్రాఫిక్‌ల సందు దొరికితే చాలు పోతది, పార్కింగ్‌ల ఒక్క చేత్తోని వెనక్కి గుంజొచ్చు. వెస్పా 114 కిలోల దాకా ఉంటది. సాయంత్రం అలిసిపోయి ఇంటికొచ్చి బండి తిప్పి పెట్టేటప్పుడు ఆ తేడా తెలుస్తది.

మైలేజీ నాకైతే సిటీల 50 పైనే వస్తున్నది. సర్వీసుకి ఎక్కడికైనా పోవచ్చు. లుక్కు కూడా పాతకాలం స్టైలే కదా, రేకు బాడీ కాకపోతే ఏమైతది?

---

క్లచ్‌కేబుల్ | లాలాగూడ

సంపెంగిపువ్వు గారూ, నా దగ్గర 2013 ఎల్‌ఎక్స్ ఉంది, ఇప్పటికీ అదే నడుపుతున్నా. కొంచెం పొడుగ్గానే రాస్తా.

పాత బండి అనగానే అందరూ ముందు ఇంజిన్ చప్పుడు వింటారు. వెస్పా దగ్గర మాత్రం ముందు రేకు చూడాలి. మామూలు స్కూటర్లకి లోపల ఇనుప గొట్టాల ఫ్రేమ్ ఉంటుంది, దాని మీద ప్యానెళ్లు బిగిస్తారు. ప్యానెల్ విరిగితే ఇంకోటి వేసుకుంటారు. వెస్పాకి వేరే ఫ్రేమ్ లేదు. వంపులు తిప్పి అతికిన ఆ ఉక్కు రేకే ఛాసిస్. డొక్కల దగ్గర, కాళ్లు పెట్టుకునే చోట, లెగ్‌షీల్డ్ (మోకాళ్ల ముందు ఉండే నిలువు రేకు) దగ్గర కనిపించేదంతా బండి ఎముకే. అక్కడ తుప్పు పట్టినా, గట్టి దెబ్బ తగిలి వంగినా పూర్వస్థితికి తేవడం చాలా ఖర్చుతో కూడిన పని. ఇంజిన్ సంగతి వేరు. 125 సీసీ, గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్, 10 హార్స్‌పవర్ లోపు బండి. బోరు పోయినా ఐదారు వేలతోనో పదితోనో లేచి నిలబడుతుంది.

కాబట్టి వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌కి అంటించే చిన్న అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లండి. పెయింటు గీసుకోకుండా పల్చటి గుడ్డలో చుట్టి బాడీ అంతా మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది. ఎక్కడైనా పట్టు వదిలిందంటే అక్కడ పెయింటు కింద పుట్టీ ఉంది, అంటే దెబ్బ తగిలి పూడ్చారు. ముందు మడ్‌గార్డు, హ్యాండిల్ కవర్ ప్లాస్టిక్, అక్కడ ఎలాగూ అంటుకోదు, కంగారు పడకండి.

తర్వాత కాళ్ల దగ్గర మాట్ ఎత్తించండి. ఎల్‌ఎక్స్‌లో బ్యాటరీ అర అక్కడే ఉంటుంది, మూత తీయమనండి. నీళ్లు చేరేదీ, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. ఆ తర్వాత సీటు ఎత్తి, హెల్మెట్ పెట్టుకునే తొట్టిని పైకి లాగితే మొత్తం బయటికి వచ్చేస్తుంది. కింద ఇంజిన్ కనిపిస్తుంది, బాడీ లోపలి గోడలు కూడా కనిపిస్తాయి. బయట పెయింటు ఎంత మెరిసినా లోపలి గోడకి ఎవరూ మెరుగు పెట్టరు. అసలు రంగు అక్కడ చూడండి. బయటి రంగుతో తేడా ఉంటే ఎందుకు మళ్లీ పెయింటు వేయించారో అడగండి. ఫోన్ టార్చి మర్చిపోకండి.

టోలిచౌకి అన్నారు కాబట్టి ఒక మాట. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో కురిసిన వానకి అక్కడి నదీమ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. ఆ ప్రాంతం బండ్లన్నీ మునిగాయని కాదు. కానీ అప్పటికే ఉన్న బండి ఏదైనా, హయత్‌నగర్‌దైనా ఉప్పల్‌దైనా, మునిగిందా అని సూటిగా అడగండి. సమాధానం ఏదైనా బ్యాటరీ అర చూడకుండా రావద్దు.

---

ఆర్సీ_బుక్ | సికింద్రాబాద్

ఏపీ 13 గురించి: అది హైదరాబాద్ బండే. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ సిరీస్ వచ్చింది. అంతకుముందు నగరంలో ఏపీ 09 నుంచి 13 దాకా నంబర్లు నడిచేవి, 13 మెహదీపట్నం వైపుది. ఇప్పటికీ చెల్లుతుంది, భయం లేదు. అంటే ఈ బండి 2014 మొదటి సగంలోనో, అంతకుముందో రిజిస్టర్ అయింది. అసలు తేదీ ఆర్సీలో చూసుకోండి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు కాబట్టి 2014లో అయి ఉంటే 2029 దాకా ఉంటుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 15 ఏళ్లు దాటితే రోడ్డెక్కనివ్వని నిబంధన మనకి లేదు.

డబ్బు చేతులు మారేముందు చూడాల్సినవి:

ఆర్సీలో పేరు, అమ్ముతున్న మనిషి ఒక్కరేనా? చాలా చోట్ల మొదటి ఓనరు సంతకం పెట్టిన ఖాళీ ఫారాలతోనే బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారి ఉంటుంది. అలాంటిదైతే ఆ మొదటి మనిషి మీతో ఫోన్‌లో అయినా మాట్లాడాలి. లేకపోతే వదిలేయండి.

లోను మీద కొన్న బండి అయితే ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటుంది. అప్పు తీరిందని నోటిమాట చాలదు. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 (ఆర్సీలోంచి ఫైనాన్స్ పేరు తీయించే ఫారం) చేతిలో ఉండాలి.

చలాన్లు బండి నంబరు మీద ఉంటాయి, మనిషి మీద కాదు. తెలంగాణ పోలీసుల ఈ చలాన్ పేజీలో నంబరు కొడితే ఫొటోలతో సహా వస్తాయి. మీ ముందే కట్టించండి.

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవి ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. వెస్పా బాడీ మీద పుట్టీ, పెయింటు పని జరిగి ఉంటే ఛాసిస్ నంబరు చుట్టుపక్కల ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 కావాలి. అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకి (రవాణా శాఖ ఆఫీసుకి) తెలపాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. కొందరు అమ్మేవాళ్లు 'తర్వాత చూద్దాం' అంటారు. ఆర్సీ ఎవరి పేరున ఉంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి చెప్తే వాళ్లే తొందరపడతారు.

---

లెక్కల_మాష్టారు | వనస్థలిపురం

ఇష్టాన్ని కాదనను, కానీ కాగితం మీద లెక్క వేసి చూపిస్తా. రోజుకు 22 కి.మీ., నెలకు పాతిక రోజులు, అంటే 550. వెస్పా సిటీలో 38 ఇస్తుందనుకుందాం, పద్నాలుగున్నర లీటర్లు. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 పైన అనుకుంటే 1,550 చిల్లర. ఫాసినో 52 ఇస్తుందనుకుంటే పదిన్నర లీటర్లు, 1,140 లోపు. నెలకు 400, ఏడాదికి 5 వేలు తేడా. నాలుగేళ్లు నడిపితే రెండు బండ్ల ధరల్లో ఉన్న 20 వేల తేడా అక్కడే సరిపోయింది. ఇక స్పేర్లు. ఎల్‌ఎక్స్ సామాను ప్రతి వీధి చివరా దొరకదు, దొరికినా మామూలు స్కూటర్ల కంటే ఖరీదు.

ఇంకొకటి, ఫాసినో 2014 వెస్పా కంటే ఏడేళ్లు చిన్నది. బీఎస్ 6, ఫ్యూయల్ ఇంజెక్షన్. చలికాలం పొద్దున చోక్ గొడవ ఉండదు.

---

గేరుబండి_తాత | హన్మకొండ

అమ్మా, గుండ్రటి లైటు, రేకు బాడీ అని నువ్వు రాసింది చూసి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. అసలు ఆ బండి చేతక్. బజాజ్ వాళ్లు 1960లో పియాజియో లైసెన్సుతో వెస్పా చేయడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం ముగిశాక 1972లో చేతక్ తెచ్చారు, రాణా ప్రతాప్ గుర్రం పేరు. మా రోజుల్లో బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల పుష్పక్ కూడా రోడ్ల మీద కనిపించేది.

నాది 145 సీసీ టూ స్ట్రోక్. వారం రోజులు కదలకుండా ఉంటే పొద్దున ఒకసారి ఎడమ పక్కకి వంచి, పైకి తీసుకొచ్చి, కిక్ కొడితే పలుకుతుంది. నా మనవడు నేర్చుకుంటానంటే ఎడమ చేత్తో గేర్లు ఎలా తిప్పాలో నేర్పా.

మంచి చేతక్ దొరికితే నీ బడ్జెట్లో సగానికే వస్తుంది, మెకానిక్ చేతనైనవాడు ఉంటే జీవితాంతం నడుస్తుంది. కానీ నువ్వు రోజూ ట్రాఫిక్‌లో పోవాలంటున్నావు కాబట్టి నిజం చెప్తా. సాయంత్రం పూట ఆగుతూ కదులుతూ పోయేచోట ఎడమ మణికట్టుకి మంచి శ్రమ. ముందు బ్రేకు చిన్న డ్రమ్ము, ఇప్పటి కార్ల మధ్య అది చాలదు. ఇంజిన్ కుడి పక్కనే ఉంటుంది కాబట్టి బరువూ అటే లాగుతుంది. పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. ఆదివారం బండిగా అయితే చేతక్ కొను, ఆఫీసు బండిగా వద్దు. ఇంత ప్రేమగా చూసుకుంటున్న నేనే చెప్తున్నా.

---

ఆటోనగర్_77 | విజయవాడ

మేడం గారూ, నేను మెకానిక్‌నండి. పైన రేకు గురించి రాసినాయన మాట నూటికి నూరుపాళ్లు కరెక్టండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు బళ్లు ఎన్నో మునిగాయండి. వాటర్ సర్వీసింగ్ చేసి, ఆయిల్ మార్చి స్టార్ట్ చేస్తే ఇంజిన్ పలుకుద్దండి. బాధ అప్పుడు తెలీదు. ఆరు నెలలకి వైరింగ్ జాయింట్లు పచ్చబారతాయి, బేరింగులు అరుస్తాయి, రేకు లోపలి నుంచి తినేస్తది. అందుకని వైరింగ్ సాకెట్ ఒకటి పీకించి లోపల పిన్నులు చూడండి. శుభ్రంగా ఉండాలి, పచ్చగా ఉండకూడదు.

ఇంజిన్ దగ్గర ఒక్కటే పట్టుదలగా ఉండండి. మీరు వెళ్లేసరికి బండి చల్లగా ఉండాలి. ముందు రోజే ఫోన్ చేసి 'నేనొచ్చాకే స్టార్ట్ చేయండి' అని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ పక్కన చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే అప్పటికే లేపి పెట్టారని అర్థం, గంట ఆగి మళ్లీ చూడండి.

ఎత్తుకునేటప్పుడు, అంటే ఆగినచోట నుంచి కదిలేటప్పుడు బండి గడగడా వణికితే క్లచ్, బెల్టు, వేరియేటర్ (గేర్ల బదులు పనిచేసేది) రోలర్ల పని ఉందండి. 23 వేలు తిరిగిందంటున్నారు, బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ముందు చక్రం. వెస్పాకి రెండు ఫోర్కులు ఉండవండి, ఒక పక్కనే చెయ్యి ఉంటది. సెంటర్ స్టాండ్ వేసి, ఒకళ్లు వెనక నొక్కి పడితే ముందు చక్రం గాల్లో లేస్తది. చక్రాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ కదపండి. టకటకమని ఆడితే బుష్‌లు, బేరింగులు పోయాయి. మన గుంతలకి అవే ముందు పోతాయి.

2014 బండి కార్బొరేటర్‌ది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలండి, ఆ బళ్లు దాని కోసం తయారైనవి కాదు. పెట్రోలు పైపు రబ్బరు గట్టిపడిందేమో వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్పించేయండి. నెలల తరబడి నిలబెట్టిన బండైతే కార్బొరేటర్ క్లీన్ చేయించకుండా నడపొద్దండి.

---

సంపెంగిపువ్వు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ప్రింటు తీసి పెట్టుకున్నా.

మాష్టారూ, మీ లెక్క కాదనలేను. అయినా ముందు వెస్పా చూసే వస్తాను. పసుపు హెల్మెట్ తమ్ముడూ, నీ బండి గురించి కూడా నోట్ చేసుకున్నా.

రెండు ప్రశ్నలు. సీటు ఎత్తు నాకు సరిపోతుందా? అమ్మ చీరలో ఒక పక్కకి తిరిగి కూర్చుంటుంది, ఆవిడకి వీలుగా ఉంటుందా?

---

వానలో_ఆఫీసుకి | తార్నాక

ఈ రెండూ నేను చెప్తా, నాదీ 5 అడుగుల 2 అంగుళాలే, వెస్పాలోనే ఇంకో మోడల్ వీఎక్స్‌ఎల్ నడుపుతున్నా.

కాగితం మీద వెస్పా సీటు 770 మిల్లీమీటర్లు, ఫాసినో 125ది 780, తేడా లేనట్టే. అసలు తేడా సీటు వెడల్పులో ఉంది. వెస్పా సీటు ముందు భాగం వెడల్పు, కాళ్లు పక్కలకి జరుగుతాయి, అందుకని రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. సిగ్నల్ దగ్గర నేను సీటు అంచుకి జరిగి ఎడమ కాలు పూర్తిగా ఆనించి, కుడి కాలు కాళ్ల పలక మీదే ఉంచుతా. వారంలో అలవాటైపోతుంది. మీరు వేరే చెప్పులతో కాకుండా, ఆఫీసుకి వేసుకెళ్లే చెప్పులతోనే ట్రయల్ వేయండి.

అమ్మగారి సంగతి. సీటు పొడుగు బాగుంటుంది, మెత్తగా ఉంటుంది. కానీ వెనక కాలు పెట్టుకునే స్టెప్, చీర చక్రంలో పడకుండా ఉండే గార్డు ఉన్నాయో లేదో చూడండి. లుక్కు కోసం కొందరు శారీగార్డు పీకేస్తారు. మీరు చూసే బండికి లేకపోతే అది వేయించాకే అమ్మని ఎక్కించండి. నా వరకు నేను దాన్ని హెల్మెట్‌తో సమానంగా చూస్తా.

గుంతలు, ఎత్తైన స్పీడు బ్రేకర్ల దగ్గర మెల్లగా పోవాలి, చక్రాలు చిన్నవి. ఎల్‌ఎక్స్‌కి రెండూ 10 అంగుళాలే. వీఎక్స్‌ఎల్‌కి ముందు 11, వెడల్పు టైరు, డిస్క్ బ్రేకు. ఎల్‌ఎక్స్ మొదట్లో డ్రమ్ముతోనే వచ్చింది. బ్రేకు విషయంలో నేనైతే రాజీ పడను. కొంచెం ఆగినా సరే డిస్క్ ఉన్నది చూడండి.

---

పసుపు_హెల్మెట్

అక్కా ఇంకొక ముచ్చట, నేను ఫాసినో అంటున్న గదా అని దాని మంచి మాత్రమే చెప్తే బాగుండదు. 2022 జనవరి నుంచి 2024 జనవరి మొదటి వారం దాకా తయారైన ఫాసినో 125 హైబ్రిడ్, రే జెడ్ఆర్ 125 హైబ్రిడ్ బండ్లల్ల కొన్నిటిని బ్రేక్ లివర్ సమస్య మీద యమహా వెనక్కి పిలిచింది, రెండూ కలిపి దగ్గర దగ్గర 3 లక్షల బండ్లు. ఫ్రీగా మార్చి ఇస్తరు. మీరు చూసింది 2021ది కాబట్టి దానికి రాదు, కానీ ఇది చదివేటోళ్లు ఎవరన్న 2022, 2023 మోడల్ కొంటే ఛాసిస్ నంబరు చెప్పి షోరూంల అడగండి.

---

విద్యుత్_వేగం | మాదాపూర్

ఎవరూ ఎలక్ట్రిక్ చేతక్ గురించి అనలేదు. అదీ రేకు బాడీనే, పాత రూపమే.

---

క్లచ్‌కేబుల్

మంచి బండే. కానీ ఆవిడ బడ్జెట్లో దొరికేవి మొదటి ఏళ్ల బండ్లు, బ్యాటరీ వారంటీ చివరికొచ్చినవి. బ్యాటరీ పోతే బండి ధరలో పెద్ద భాగం అక్కడికే పోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్ పాయింటు ఉందో లేదో కూడా తెలియాలి. వేరే చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా రాస్తా.

---

సంపెంగిపువ్వు

ఎలక్ట్రిక్ వద్దండి, మా పార్కింగ్‌లో ప్లగ్గు లేదు.

టోలిచౌకి వెళ్లొచ్చాం. తమ్ముడు తోడొచ్చాడు. వెళ్లేసరికి ఇంజిన్ చల్లగానే ఉంది, రెండో సెల్ఫ్‌కే పలికింది. చప్పుడు కూడా సాఫీగా ఉంది. ఒక రౌండు నడిపాను, నాకు చాలా నచ్చింది. అక్కడే డబ్బు ఇచ్చేద్దామనిపించేంత నచ్చింది.

తర్వాత అయస్కాంతం తీశాను. డొక్కల దగ్గర రెండు పక్కలా బాగా పట్టుకుంది. లెగ్‌షీల్డ్ కింది వంపు దగ్గరకొచ్చేసరికి, అంటే అది కాళ్ల పలకతో కలిసే చోట, ఎడమవైపు అరచేయంత మేర అసలు నిలబడలేదు, గుడ్డతో సహా జారి కిందపడింది. మాట్ ఎత్తి బ్యాటరీ అర తీయించాం. బ్యాటరీ కొత్తది. దాని కింద మూలల్లో సన్నటి మట్టి ఎండిపోయి అట్ట కట్టి ఉంది, గోరుతో గీకితే పొడిగా రాలింది. టార్చి వేసి చూస్తే అతుకుల వెంట పెయింటు ఉబ్బి, కొన్నిచోట్ల పొరలు లేచి ఉంది.

ఓనరు మర్యాదస్తుడు. తాను 2022లో ఇంకొకరి దగ్గర కొన్నానని, అంతకుముందు సంగతి తెలియదని చెప్పారు. 32కి ఇస్తానన్నారు. ఏం చేయమంటారు?

---

క్లచ్‌కేబుల్

వదిలేయండి. 25కి ఇచ్చినా వద్దు. అతుకుల వెంట పెయింటు ఉబ్బిందంటే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తోంది. కాళ్ల పలక ఈ బండికి వెన్నెముక, ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేది అదే. దాని మీద పుట్టీ పూసిన బండి మీద అమ్మగారిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కడం నాకు ఊహించడానికే ఇష్టం లేదు.

---

ఆటోనగర్_77

అవునండి మేడం గారూ, వద్దండి. వెల్డింగ్ చేయించుకోవచ్చని ఎవరన్నా చెప్తారు. పల్చటి రేకండి అది, తుప్పు తిన్న రేకు మీద వెల్డింగ్ పెడితే పక్కనే ఇంకో బొక్క పడుద్ది. లోపలికి వచ్చింది మట్టండి, అంటే బండి మునిగినట్టే. ఒట్టి వాన నీళ్లయితే అలా అట్ట కట్టదు.

---

లెక్కల_మాష్టారు

ఇంజిన్ చప్పుడు విని కొనేవారే ఎక్కువ. మీరు మూత తీయించి చూశారు, అభినందనలు. ఇప్పుడు ఫాసినో చూడండి.

---

సంపెంగిపువ్వు

ఫాసినో చూశాను మాష్టారూ. తప్పు పట్టడానికి ఏమీ లేదు. తేలిగ్గా ఉంది, చప్పుడే లేకుండా స్టార్టయింది. 55కి దిగారు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను.

ఈలోగా ఆఫీసులో ఒకరి ద్వారా సైనిక్‌పురిలో ఇంకో బండి తెలిసింది. 2018 వెస్పా వీఎక్స్‌ఎల్ 125, లేత నీలం. ఒక్కరే ఓనరు, రిటైర్డ్ ఆయన, 14,600 కి.మీ. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా సరిగా నడపడం లేదట. 60 చెబుతున్నారు. ఇది కూడా నా బడ్జెట్ దాటిందే. వీఎక్స్‌ఎల్ మీద ప్రత్యేకంగా చూడాల్సినవి ఉన్నాయా?

---

వానలో_ఆఫీసుకి

నా బండీ అదే మోడల్, రంగు కూడా అదే! టైర్ల మీద నాలుగంకెల తేదీ చదవండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 14 వేలే తిరిగిందంటే గీతలు నిండుగానే ఉంటాయి, అది చూసి మోసపోకూడదు. 2018 టైర్లే అయితే రబ్బరు గట్టిపడి ఉంటుంది, వానలో జారతాయి. రెండూ మార్చాలి. 11 అంగుళాల ముందు టైరు ప్రతి షాపులోనూ స్టాకు ఉండదు, ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

---

ఆర్సీ_బుక్

2017 ఏప్రిల్ తర్వాత తయారైన బండికి హెడ్‌లైటు ఆర్పే స్విచ్ ఉండదు, ఇంజిన్ నడిచినంతసేపూ లైటు వెలుగుతుంది. 2018 అని చెప్పిన బండికి ఆ స్విచ్ కనిపిస్తే, విడిగా బిగించారా, పాత మోడలా అని తేల్చుకోండి. ఇన్సూరెన్స్ పేపరు కూడా చూడండి. 2018 సెప్టెంబర్ తర్వాత అమ్మినవాటికి ఐదేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే వర్తించే ఇన్సూరెన్స్) కలిపి ఇచ్చారు, అది 2023తోనే అయిపోయి ఉంటుంది. చాలామంది అది తీరిపోయిన సంగతే మర్చిపోతారు.

---

సంపెంగిపువ్వు

కొనేశాను అండి.

అయస్కాంతం ఎక్కడా జారలేదు. బ్యాటరీ అరలో దుమ్ము తప్ప ఏమీ లేదు. సీటు కింద తొట్టి తీస్తే లోపలి గోడ కూడా అదే లేత నీలం, కంపెనీ రంగు. వెనక కుడివైపు చిన్న సొట్ట ఉంది, పెయింటు లేవలేదు, దాన్ని అలాగే ఉంచుతాను. శారీగార్డు ఉంది.

పని ఉన్నవి: టైర్ల మీద 2618 అని ఉంది, అంటే బండితో వచ్చిన అసలు టైర్లే. కదిలేటప్పుడు కొంచెం వణికింది. బ్యాటరీ దిగిపోయింది. ఇన్సూరెన్స్ తీరిపోయింది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టి, బెల్టుకి బిల్లు అడిగాను. లేదన్నారు. ఆయనే నెమ్మదిగా లెక్క చూసి 51కి ఒప్పుకున్నారు. ఫైలు నిండా సర్వీసు బిల్లులు, తేదీల వారీగా కుట్టి పెట్టారు. తాళం చెవులు రెండూ ఇచ్చారు.

రాణిగంజ్‌లో సామాను తీసుకుని లాలాగూడ దగ్గర క్లచ్‌కేబుల్ గారు చెప్పిన మెకానిక్‌తో వేయించాను. రెండు టైర్లు, బెల్టు, రోలర్లు, బ్యాటరీ, పెట్రోలు పైపు, ఆయిల్ అన్నీ కలిపి 9,200 అయింది. ఇప్పుడు వణుకు పోయింది.

---

లెక్కల_మాష్టారు

శుభాకాంక్షలు. 51, 9 కలిపితే 60 దాటింది. ఫాసినో 55కి వచ్చేది, పెట్రోలు ఖర్చూ తక్కువ. నా అభిప్రాయం మారలేదు.

---

సంపెంగిపువ్వు

మాష్టారూ, మీ లెక్క సరైనదే, అది చూసుకునే కొన్నాను. ఏడాదికి 5 వేలు నా ఇష్టం కోసం పెట్టుకుంటున్నాను. పండక్కి ఒక చీర తగ్గించుకుంటా. కొత్త టైర్లు, కొత్త బెల్టు వేయించిన తేదీ నా దగ్గర రాసి ఉంది, ఏది ఎప్పుడు మార్చాలో నాకు తెలుసు. అమ్మ మొన్న ముషీరాబాద్ దాకా కూర్చుంది, సీటు బాగుందంది.

ఆర్సీ బుక్ గారూ, ట్రాన్స్‌ఫర్ స్లాట్ వచ్చే గురువారం దొరికింది. ఫారాల మీద ఆయన సంతకాలు నా ముందే పెట్టించాను. చలాన్లు రెండుంటే ఆయనే కట్టేశారు. థర్డ్ పార్టీ మాత్రమే తీసుకోనా, ఫుల్ తీసుకోనా?

---

ఆర్సీ_బుక్

ఈ బండికి ఫుల్ తీసుకోండి. రేకే ఛాసిస్ అయిన బండికి పక్కనుంచి ఎవరైనా తగిలించినా రిపేరు ఖరీదే. ఇన్సూరెన్స్ తీరిపోయి ఉంది కాబట్టి కంపెనీ మనిషి బండి చూసి ఫొటోలు తీశాకే పాలసీ ఇస్తారు. వెనక సొట్ట అందులో నమోదవుతుంది, తర్వాత దానికి క్లెయిమ్ రాదు. కొత్త పాలసీ మీ పేరునే తీసుకోండి, ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. పాలసీ చేతికొచ్చేదాకా బండి బయటికి తీయొద్దు, ఒక్క రోజుకైనా. గురువారం స్లాట్‌కి ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ రెండూ అడుగుతారు, బుధవారం లోపే అయ్యేలా చూడండి.

---

సంపెంగిపువ్వు

అలాగే అండి. రేపు పొద్దునే ఇన్‌స్పెక్షన్‌కి పిలుస్తాను, అప్పటిదాకా స్కూటీ మీదే వెళ్తా.

---

పసుపు_హెల్మెట్

అక్కా కంగ్రాట్స్! కొంపల్లి ఫాసినో నంబరు నాకు మెసేజ్ పెట్టండి, మా చెల్లె కోసం చూస్తున్న.